జామీను సంతకం

రెండో దెబ్బకు తలుపు గొళ్ళెం ఊడి అమ్మ కాళ్ళ దగ్గర పడింది. మూడో దెబ్బకు తలుపే ఒక పక్కకు ఒరిగింది. గడ్డపార పట్టుకుని గడపలో నిలబడ్డ మనిషి ఆగయ్య కాక. మా నాయినకు ముప్పై ఒక్క ఏళ్ళ దోస్తు. నా చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని దసరా పటాకులు చూపించిన మనిషి. ఆ రోజు ఆయన కళ్ళు నన్ను గుర్తుపట్టనే లేదు.

"ఏడి వాడు?" అన్నాడు.

వాడంటే మా అన్న టిమోతి. అజ్మాన్ నుంచి రెండు నెలల సెలవని వచ్చి, ఆ రెండు నెలలూ దాటినా కదలకుండా ఇంట్లో పడి ఉన్నవాడు. గల్ఫ్‌లో పనులు ఆగిపోయి, గోదావరిఖని చౌరస్తాలో రోజూ ఎవరో ఒకరు పెట్టెతో బస్సు దిగుతున్న రెండు వేల తొమ్మిది ఆగస్టు అది. కాబట్టి అన్నను ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. అడగకపోవడం మా ఇంటి జబ్బు.

ఆదివారం మధ్యాహ్నం. అమ్మా నేనూ చర్చి నుంచి అప్పుడే వచ్చాం. నాయిన సంఘ పెద్ద కాబట్టి పాస్టరుగారితో ఏదో మాట్లాడుతూ ఆగిపోయాడు. తలనొప్పి అని చర్చి ఎగ్గొట్టిన అన్న, గడ్డపార మొదటి దెబ్బకే వెనక గదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు. ఆ గడియ ఆగయ్య కాక తన్నిన ఒక్క తన్నుకు ఆగలేదు.

జుట్టు పట్టి ముందు గదిలోకి ఈడ్చుకొచ్చాడు. అన్నకు ముప్పై ఏళ్ళు, కాకకు అరవై దగ్గర. అయినా ఆ చేతులు భూమి కింద బొగ్గు ఎత్తిన చేతులు. మొదటి దెబ్బ మూతి మీద పడింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. అమ్మ అడ్డం వెళితే ఒక్క తోపు తోశాడు, ఆమె సందుగ మీద పడింది. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని వేలాడాను. విదిలించేసరికి నా గాజులు చిట్లి మణికట్టు కోసుకుపోయింది.

కాక అడిగేది ఒకటే. నా కొడుకు సంపత్ ఏడున్నడు. అన్న మూడు వారాలుగా చెబుతున్న మాటే మళ్ళీ చెప్పాడు. సంపతన్నను అజ్మాన్ కంపెనీ ఎడారిలో దూరం సైటుకు పంపిందని, అక్కడ ఫోను అందదని. చెప్పిన ప్రతిసారీ ఒక దెబ్బ పడింది. దెబ్బ పడ్డ ప్రతిసారీ అదే మాట చెప్పాడు. అబద్ధానికి అంత ఓపిక ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఒరిగిన తలుపు పక్కన సంపతన్న భార్య శోభ నిలబడి ఉంది. చేతిలో ఫోను. ఏడవడం లేదు. లోపలికి రావడం లేదు. మామను ఆపడమూ లేదు.

అప్పుడు నాయిన వచ్చాడు. వాకిట్లో గుమిగూడిన జనాన్ని తోసుకుంటూ వచ్చి, కాక మోకాలి కింద కొడుకును చూశాడు. చేతిలోని బైబిల్‌ను కిటికీలో పెట్టాడు. ఒక్క మాటైనా అడగకుండా కాక చెవి మీద గుద్దాడు. కాక తూలి గోడకు కొట్టుకున్నాడు. మళ్ళీ గుద్దాడు. ఈసారి మూతి పగిలింది.

వీళ్ళిద్దరూ గనిలో జోడి. పట్టాల మీది ఒకే టబ్బులో ఇద్దరూ బొగ్గు నింపినవాళ్ళు. పైకప్పు కూలిన రోజు కాకను కాళ్ళు పట్టి బయటికి లాగింది నాయినే. కాక భార్య చనిపోతే, పదేళ్ళ సంపతన్నకు మా అమ్మ సుసన్నా తన చేత్తో అన్నం పెట్టి పెంచింది. అన్నా సంపతన్నా ఒకే కంచంలో తిన్నారు. అలాంటి మనుషులు మా ముందు గదిలో ఒకరినొకరు చంపుకునేటట్టు ఉన్నారు.

కాక తిరిగి కొట్టలేదు. నోట్లో నెత్తురు గోడ మూలకు ఉమ్మేశాడు.

"కొట్టు సామ్యేలూ, కడుపునిండ కొట్టు. కొట్టినంక, నా కొడుకు జైల్ల ఎందుకున్నడో నీ కొడుకును అడుగు."

నాయిన ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

అప్పుడు శోభ మాట్లాడింది. గొంతు పెంచలేదు. సంపతన్నతో ఒకే గదిలో ఉండే ముత్యం పొద్దున ఫోను చేశాడట. సంపతన్నను పోలీసులు పని దగ్గరే పట్టుకుని పోయి పందొమ్మిది రోజులైందట. ఆయన సంతకం పెట్టిన చెక్కులు బ్యాంకులో చెల్లలేదట. ఆ దేశంలో చెల్లని చెక్కు ఇచ్చినవాణ్ణి దొంగతో సమానంగా చూస్తారట. ముత్యం ఆ రోజే మా అన్నకు ఫోను చేశాడు. ఇంట్లో నేను చెప్త, నువ్వు చెప్పకు అని అన్న ఆపాడట. పందొమ్మిది రోజులు ముత్యం ఆ మాట నమ్మాడు.

"నిన్న గూడ నేనొచ్చి అడిగిన," అంది శోభ అన్న వైపు చూసి. "చాయ్ తాక్కుంట చెప్పినవు, సంపత్ మంచిగున్నడని."

అన్న తల ఎత్తలేదు. నాయిన అతని గడ్డం పట్టి ఎత్తాడు. ఏ చెక్కులని అడిగాడు. రెండుసార్లు అడిగాడు. రెండోసారి అడిగినప్పుడు ఆయన గొంతులో భయం నాకు వినిపించింది. ఎందుకంటే అజ్మాన్‌లో కిస్తీలు కట్టాల్సిన ఇల్లు ఎవరిదో ఆయనకు తెలుసు.

ఇల్లు ఆయనదే. అజ్మాన్‌లో కట్టబోయే టవర్లో పదకొండో అంతస్తు ఫ్లాటు. బొగ్గు కంపెనీకి సలాం కొట్టి, స్వచ్ఛంద విరమణ కింద వచ్చిందంతా తెచ్చి కొడుకు చేతిలో పోశాడు. అక్కడ ఇల్లు కొన్నవాళ్ళకు వీసా కూడా వస్తుందని, కిరాయితోనే బతకవచ్చని అన్న చెప్పాడు. మొదటి భాగం రొక్కంగా కట్టారు. మిగతా కిస్తీలకు తారీఖులు ముందే వేసిన చెక్కులు ఇమ్మని బిల్డరు అడిగాడు. అన్న జీతం కార్డులో పడేది, చెక్కుబుక్కు లేదు. సంపతన్న డ్రైవరు, ఆయనకు బ్యాంకు ఖాతా ఉంది.

"జామీను సంతకమే అంటి," అన్నాడు టిమోతి, పగిలిన పెదవితో. "గంతే జెప్పిన. వాడు మారుమాట అడగలే."

ఎందుకు అడుగుతాడు? గని మనిషి కొడుకు. ఇక్కడ సొసైటీలో అప్పు తీసుకోవాలంటే సాటి కార్మికులు ఇద్దరు జామీను పెట్టాలి. నాయిన ఎన్నిసార్లు కాకకు పెట్టాడో, కాక ఎన్నిసార్లు నాయినకు పెట్టాడో వాళ్ళకే గుర్తులేదు. షిఫ్టు దిగి, బొగ్గు చేతులతోనే, ఒకరి వీపు మీద ఒకరు కాగితం పెట్టుకుని సంతకం గీకేవాళ్ళు. చదవడం అంటే దోస్తును అవమానించినట్టు. ఎవడైనా కట్టకపోతే జీతంలో కోసుకునేవాళ్ళు, ఇద్దరూ కాసేపు తిట్టుకుని మళ్ళీ ఒకే టబ్బు దగ్గర నిలబడేవాళ్ళు. జామీను అంటే మాకు తెలిసింది అంతే. సంపతన్న అదే చెయ్యి, అదే మనసుతో ఎనిమిది చెక్కుల మీద సంతకం పెట్టాడు. అక్కడ అది జామీను కాదు. అక్కడ చెక్కు మీద ఎవరి పేరు ఉంటే బాకీదారు వాడే, నేరస్తుడూ వాడే.

మిగతాది అన్న ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మొదటి రెండు చెక్కులకు సంపతన్న ఖాతాలో తానే డబ్బు వేశాడు. తర్వాత పని లేదని కంపెనీ జీతం లేని సెలవు ఇచ్చింది. టవర్ దగ్గరికి వెళ్ళి చూస్తే గుంత తవ్వి వదిలేశారు, గుంతలో నీళ్ళు. కట్టనివాళ్ళకు మనమెందుకు కట్టాలని ఊరుకున్నాడు. మరి ఆ సంగతి సంపత్‌కు ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. చెబితే చెక్కులు వాపసు అడుగుతాడని భయపడ్డాను అన్నాడు. చెప్పకుండా విమానం ఎక్కి ఇంటికి వచ్చాడు.

నాయిన మేకుకు వేలాడుతున్న తోలు బెల్టు తీశాడు. గనిలో నడుముకు బ్యాటరీ కట్టుకునే బెల్టు, అరచెయ్యంత వెడల్పు, ఇనుప బకిలు. బకిలు వైపు బయటికి వదిలి కొట్టాడు. వీపు మీద, తల మీద, కాపాడుకోవడానికి ఎత్తిన చేతుల మీద. అన్న చొక్కా చిరిగి నెత్తురు కనిపించింది. అమ్మ కొడుకు మీద పడుకుంటే ఆమె భుజం మీద కూడా పడింది. నాయిన ఆగలేదు.

ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది ఆగయ్య కాకే.

"వాణ్ణి సంపితే నా కొడుకు రాడు," అన్నాడు.

బెల్టు కింద పడింది. ఇద్దరు ముసలివాళ్ళూ ఆ గదిలోనే చెరో మూలకు కూర్చున్నారు. నేను వాకిట్లో జనాన్ని వెళ్ళిపొమ్మన్నాను. కొందరు పోయారు, కొందరు గోడ అవతలికి పోయి నిలబడ్డారు.

మొదట తేరుకున్నది నాయినే. గోడ మీద యేసు ప్రభువు క్యాలెండరు పక్కన, అద్దం కట్టించి పెట్టిన ఫ్లాటు కాగితం వైపు చెయ్యి చూపాడు. ఇంటి నంబరు మనకు రాసిచ్చారు కదా, ముద్ర ఉంది కదా, ఇక బిల్డరు ఎట్లా పట్టిస్తాడు అన్నాడు. ఆ కాగితం వచ్చిన రోజు మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టించాడు. పదకొండు వందల ఏడు అని నంబరు చదివి పాస్టరుగారు ఇంటిని ఆశీర్వదించారు. లేని ఇంటిని.

"నంబరిచ్చినంక ఇల్లు మనదే గద," అన్నాడు నాయిన. "క్వార్టర్లకు గంతే గద. ఖాళీగుంటే పోయి మంచమేసుకుని కూసుంటరు. మనిషి కూసున్నంక ఎవడు లేపుతడు?"

నా ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళు కంపెనీ క్వార్టర్లో ఉన్న మనిషికి ఇల్లంటే అలాట్‌మెంటు కాగితం, ఒక నంబరు, ఒక తాళం చెవి. కాగితం చేతికొస్తే ఇల్లు ఉంటుంది. అక్కడెక్కడో ఉంటుంది. ఎందుకంటే కంపెనీ ఎప్పుడో కట్టే ఉంటుంది. కట్టని ఇంటికి నంబరు ఇస్తారని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"కూసోవడానికి మంచం ఏడ వేస్తవు నాయినా? నీళ్ళ గుంతలనా?" అన్నాను.

నేను అద్దం పటాన్ని దించి సందుగ మూలకు కొట్టాను. అద్దం పగిలింది. సందుగలోంచి మిగతా కాగితాలు కూడా తీసి, నేల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. నేను వకీలు సదయ్య సార్ దగ్గర టైపిస్టును. రోజంతా పరాయివాళ్ళ దస్తావేజులు కొట్టే దాన్ని. ఈ కాగితాన్ని రెండేళ్ళు గోడ మీద చూశాను, నంబరు దాటి ఒక్క వరుస కూడా చదవలేదు. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి ఉంది. అన్న పేర నాయిన రాసిచ్చిన అధికారపత్రం కొట్టింది నేనే. నా కొడుకు నా పేరున ఏమైనా కొనవచ్చు, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టవచ్చు అని. ఎందుకని అడగకుండా ఒక తప్పైనా లేకుండా కొట్టాను.

చదివినకొద్దీ తెలుగులో చెబుతూ పోయాను. గోడ మీద ఉన్నది అమ్మకం పత్రం కాదు, ఫ్లాటు పక్కకు పెట్టమని అడిగిన అర్జీ. సర్కారు భూమి ఆఫీసులో నమోదు చేసిన నంబరు రాయాల్సిన చోట ఖాళీ. ఇల్లు పూర్తయ్యే తేదీ అంచనా మాత్రమే, బిల్డరు ఎప్పుడైనా పొడిగించుకోవచ్చు. కిస్తీ మాత్రం కట్టడం లేచినా లేవకపోయినా తారీఖుకు చెల్లాలి. ఒక్క కిస్తీ తప్పినా బిల్డరు ఇల్లు రద్దు చేసి, అప్పటిదాకా కట్టింది ఉంచుకోవచ్చు. తగాదా వస్తే కోర్టు అక్కడిదే, చెల్లేది అరబ్బీలో ఉన్న కాగితమే. ఆ అరబ్బీ కాగితం మీద చివర అన్న సంతకం ఉంది, పక్కన నాయిన పేరు.

"నువ్వు సదివినవా?" అని నాయిన అన్నను అడిగాడు.

అన్న తల అడ్డంగా ఊపాడు. నాయిన లేచి పటం చట్రాన్ని గోడకేసి కొట్టాడు. ఒక చెక్క ముక్క ఎగిరి కాక నుదుటికి తగిలింది. కాక తుడుచుకోలేదు.

అప్పుడు శోభ ఫోను మోగింది. ముత్యం. ఆమె ఫోను తెచ్చి మా అందరి మధ్య నేల మీద పెట్టి, అందరికీ వినిపించేటట్టు చేసింది. ముత్యం బిల్డరు ఆఫీసుకు వెళ్ళి వచ్చాడట. వాళ్ళకు సంపతన్న మీద కక్ష ఏమీ లేదు, ఫ్లాటు కావాలి. ఇల్లూ, కట్టిందంతా వదులుకుంటున్నానని, ఇక ఎప్పుడూ అడగనని కొన్న మనిషి సంతకంతో కాగితం కావాలి. దాంతోపాటు, అధికారపత్రం మీద ఒప్పందం చేసిన మనిషే అసలు కాగితాలన్నీ పట్టుకుని వాళ్ళ ఆఫీసుకు వచ్చి రద్దు సంతకం పెట్టాలి. అంటే టిమోతి. అప్పుడు చెక్కులు వాపసు ఇచ్చి, ఫిర్యాదు తీసేస్తారు.

"గురువారం కేసు జడ్జి ముందటికొస్తది," అన్నాడు ముత్యం. "శిక్ష పడ్డంక ఎవరు అచ్చినా ఫాయిదా లేదంటున్నరు. సంపత్ మంచిగ లేడు కాకా. లోపల కొట్లాటల పన్ను ఇరిగిందట. తిండి తింటలేడు."

ఫోను ఆగిపోయింది. కాక రెండు చేతులతో తల పట్టుకున్నాడు. శోభ నన్ను చూసింది. నేను సదయ్య సార్‌కు ఫోను కలిపాను. ఆయన ఆదివారం భోజనం మీద ఉండి కూడా ఓపికగా విన్నాడు. వదులుకునే కాగితం రాస్తే డబ్బు మీద ఆశ పోయినట్టే అన్నాడు. ఇల్లు కట్టలేదని బిల్డరు మీద కేసు వేసినవాళ్ళు ఉంటే వాళ్ళతో కలిసే దారి కూడా మూసుకుపోతుంది అన్నాడు. టిమోతి వెళితే అతన్నీ పట్టుకుంటారా అని అడిగాను. చెక్కులు అతనివి కావు కాబట్టి పట్టుకోకపోవచ్చు, కానీ ఆ సంపత్ జడ్జి ముందు టిమోతి పేరు చెబితే ఏమవుతుందో నేను హామీ ఇవ్వలేను అన్నాడు. ఆ మాట నేను దాచకుండా అందరికీ చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. అమ్మ ముఖం అప్పుడే మారిపోయింది.

అన్న గోడకు ఆనుకుని లేచి కూర్చున్నాడు.

"సంతకం పెట్టకు నాయినా," అన్నాడు. "కేసేసినోళ్ళల్ల మనం గూడ కలుద్దాం, పైసలన్న వస్తయి. సంపత్‌కు మూడు నెలలో ఆరు నెలలో పడ్తయి. ఉరి ఐతె ఎయ్యరు గద."

కాక మూలనుంచి లేచి గడ్డపార అందుకున్నాడు. నేను నాయిన వైపు చూశాను. నాయిన వాళ్ళిద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఈసారి కాకకు వీపు పెట్టి, కొడుకు వైపు తిరిగి నిలబడ్డాడు. గడ్డపార వెనక నుంచి ఆయన మీదే పడవచ్చు. ఆయనకు ఆ ఫికర్ ఉన్నట్టు లేదు.

"నా ఇల్లు పోయింది. పోనీ," అన్నాడు. "నువ్వు మంగళవారం బండెక్కుతవు. సంపత్ ఇంటికొచ్చినంక నువ్వు ఏడ బతుకుతవో బతుకు. బిడ్డా, రాయి."

నా చేతికి కాగితం ఇచ్చాడు. నేను రాశాను. మా నాయిన ముప్పై ఒక్క ఏళ్ళు గాలాడని చోట ఒళ్ళు వంచి సంపాదించినది మొత్తం ఇంగ్లీషులో ఆరు వరుసలకు సరిపోయింది. ఆయన చదివి వినిపించమన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక కాగితం చదివించుకుని సంతకం పెట్టాడు. పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. కాక వచ్చి పక్కన కూర్చున్నాడు కానీ, భుజం మీద చెయ్యి వేయలేదు.

శోభ టికెట్ సంగతి మాట్లాడటానికి మళ్ళీ ముత్యానికి ఫోను కలపబోతూ, పాస్‌పోర్టు నంబరు కావాలంది. నాయిన అన్నను పాస్‌పోర్టు తెమ్మన్నాడు. అన్న కదలకపోతే కాక మెడ పట్టి లేపి వెనక గదిలోకి తోశాడు. అన్న పెట్టె తెరిచాడు. బట్టలన్నీ బయట పడేశాడు. లేదు అన్నాడు. పరుపు ఎత్తి చూశాడు. పొద్దున ఇందులోనే ఉండె అన్నాడు. ఆ ముఖంలో నిజమైన ఆశ్చర్యం నేను చూశాను. కాక చూడలేదు.

గడ్డపార అన్న భుజం మీద పడింది. ఎముక చప్పుడు నాకు వినపడింది. అన్న అరుస్తూ కింద పడ్డాడు. కాక రెండోసారి ఎత్తాడు. ఈసారి తల మీదికి. నాయిన కూడా అడ్డం పోలేదు.

"వాన్ని కొట్టకుండ్రి," అంది అమ్మ.

వంటింటి గడపలో నిలబడి ఉంది. ఎప్పుడు లేచి లోపలికి వెళ్ళిందో మేమెవరం చూడలేదు. నాయిన సంతకం పెడుతున్నప్పుడే అయి ఉండాలి. బెల్టు దెబ్బ తగిలిన భుజాన్ని ఇంకో చేత్తో పట్టుకుని ఉంది.

"వానికి ఎర్క లేదు. నేనే పొయ్యిల ఏసిన."

కాక చేతిలో గడ్డపార గాలిలోనే ఆగింది. అమ్మ ఆయన వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. ఒక్కడన్న జైలు బయట ఉండనియ్యుండ్రి అని గొణిగింది. తన చేత్తో అన్నం పెట్టిన సంపతన్న పేరు ఆమె నోట రాలేదు.

శోభ ఫోను కింద పడేసి, అమ్మను పక్కకు తోసి వంటింట్లోకి దూరింది. నేను వెనకే పరుగెత్తాను. బొగ్గుపొయ్యి మీద కూర గిన్నెను కాలితో తన్నింది. కూర నేలంతా ఒలికింది. పట్టకారు పక్కనే ఉంది. అందుకోలేదు. ఎర్రగా మండుతున్న బొగ్గుల్లోకి ఒట్టి చెయ్యి పెట్టింది. ఒకసారి తీసి, మళ్ళీ పెట్టింది. నేను నడుము పట్టి వెనక్కు లాగుతుంటే మోచేత్తో నా మూతి మీద పొడిచింది. మూడోసారి బయటికి తీసింది.

కొసలు ఇంకా మండుతున్న ఆ పుస్తకాన్ని నేల మీద కొట్టి ఆర్పింది. వేళ్ళ మీద చర్మం తెల్లబడి లేచిపోయింది. ఆ చేత్తోనే తెచ్చి నా చేతుల్లో పెట్టింది. కాకా, నాయినా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వాళ్ళ వెనక అమ్మ.

"నువ్వు సదువుకున్నదానివి క్రిస్టినా," అంది శోభ. ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "సూసి చెప్పు. ఇది చెల్లుతదా?"

అట్ట కరిగి పుటలకు అంటుకుపోయింది. విడదీస్తే ఫోటో ఉన్న పుట సగం చేతిలో రాలింది. అన్న ముఖం ఉండాల్సిన చోట నల్లటి కన్నం. నంబరులో మొదటి మూడు అక్షరాలు మిగిలాయి. వీసా ముద్ర ఏ పుటలో ఉండేదో ఆ పుటే లేదు. గురువారానికి నాలుగు రోజులుంది. హైదరాబాదులో కొత్తది చేతికి రావడానికి నాలుగు వారాలైనా చాలవు.

తెలిసీ చెప్పనివాళ్ళ ఇల్లు మాది. నాకు అబద్ధం నోటి దాకా వచ్చింది. శోభ చెయ్యి చూసి మింగేశాను.

"చెల్లదు వదినా," అన్నాను.

గుమ్మంలో అమ్మ బరువుగా ఊపిరి వదిలింది. అది ఏడుపు కాదు. పెద్ద గండం గడిచిన మనిషి వదిలే ఊపిరి.

శోభ అది విన్నది. కాలిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని, మెల్లగా అమ్మ వైపు తిరిగింది.